మడతలో చుక్క

కొలువు మెళకువల తరగతిలో మొదటి రోజు
ట్రైనర్ సార్ మాకు కరచాలనం నేర్పాడు.
గట్టిగా కాదు, మెత్తగా కాదు,
తడిలేని అరచేతితో, మూడు సెకన్లు.
బి.ఏ. ఇంగ్లీషు చివరి ఏడాది, ముప్ఫై ఎనిమిది మందిమి
ఒకరి చేతులొకరం పట్టుకుని
మూడు లెక్కపెట్టి వదిలేశాం.
నస్రీన్ మాత్రం నా చెయ్యి వదల్లేదు, నవ్వాపుకోలేక.

"మీ బలహీనత ఏమిటని అడిగితే
బలంలా వినపడేదొకటి చెప్పాలి" అన్నాడు.
నోటుబుక్కులో రాసుకున్నాను,
మూడేళ్లుగా మేడం దీన్నే వ్యంగ్యం అంటోంది గదా అనుకుంటూ.

ఆరు వారాల ప్లేస్‌మెంట్.
నస్రీన్‌కి మాదాపూర్‌లో రాత్రి ఫోన్లు,
రెండో రోజుకే దాని పేరు నాన్సీ.
నాకు బాలానగర్‌లో, ఫ్లైఓవర్ పక్కన,
లేతు మిషన్ల చప్పుడు వెనక
మందుల పెట్టెల్లో పెట్టే కాగితాలు అచ్చేసే ప్రెస్సు.

ఎవరూ చదవని సాహిత్యం.
పదకొండు మడతలు, చీమకాళ్లంత అక్షరాలు.
చదివేది మొగులయ్య సార్ ఒక్కడే.
పదో తరగతి తప్పి, ముప్ఫై ఏళ్లుగా ఇంగ్లీషు దిద్దుతున్నాడు.
నా మార్కుల జాబితా పక్కన పెట్టి
"కండ్లు మంచిగున్నయా బిడ్డా?" అనడిగాడు.
అదే ఇంటర్వ్యూ.

"ఎనకనుంచి సదువు" అన్నాడు,
"ముందటినుంచి సదివితే
అర్థం చెయ్యివట్టి గుంజుకపోతది,
తప్పు కనవడది."
చివరి మాట నుంచి మొదటి మాట దాకా
చెప్పులు చేతబట్టి వెనక్కి నడిచాను.
క్లాసులో ఒక పాదానికి నాలుగు అర్థాలు తీస్తే చప్పట్లు.
ఇక్కడ రెండో అర్థం వచ్చిందంటే
ఎవరి పిల్లకో వాంతులు.

నాలుగో వారం, బుధవారం,
పిల్లల దగ్గుమందు కాగితం. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
ఊరికే మడిచి చూశాను.
మడత పోయి పోయి రెండుకీ అయిదుకీ మధ్య పడింది.
సిరా చిట్లి చుక్క రాలింది.
రెండున్నర మిల్లీలీటర్లు
ఇరవై అయిదయ్యాయి.

మొగులయ్య సార్ సెలవు, మనవరాలి చెవులు కుట్టిస్తున్నారు.
కింద మిషను తిరుగుతూనే ఉంది.
మేనేజరు రంగాచారి గారి అద్దాల గది ముందు
నేర్చుకున్నవన్నీ తలుచుకున్నాను,
నిటారు భుజాలు, కళ్లలోకి చూపు, చిరునవ్వు.
ఒక్కటీ రాలేదు. అరచేయి నిండా చెమట.
"సార్, మిషన్ బంద్ చేయించండి, చుక్క పోయింది, చుక్క!"
సగం తెలుగు, సగం హిందీ,
డిగ్రీ చదివిన భాష ఒక్క ముక్క లేకుండా.
ఆయన ముందు విసుక్కున్నాడు.
భూతద్దం తీశాడు.
చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగాడు.

ఆ రాత్రి చెబుదామని ఫోన్ చేస్తే
"హలో, నాన్సీ హియర్" అంది నస్రీన్, అలవాటులో.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.

లాగ్‌బుక్కులో ఒక గడి ఉంది,
ఈ వారం సాధించిన నైపుణ్యాలు.
"కాగితం మడవడం" అని రాశాను.
మేడం ఎర్ర సిరాతో కింద గీత గీసి
"ఇంకాస్త వృత్తిపరంగా రాయాలి" అంది.
పక్కన మొగులయ్య సార్ సంతకం,
తేదీలో నెలకీ ఏడాదికీ నడుమ చుక్క లేదు.
మర్చిపోయాడో,
నా కోసం వదిలాడో.

పెట్టాను.