నెత్తురు పట్టింపు

సాంతియాగో నుంచి కాగితం వచ్చిన రోజు
పుంతా అరేనాస్‌లో గాలి మనుషుల్ని పడదోస్తోంది.
వీధి మూలన కట్టిన తాడు పట్టుకుని
ఆసుపత్రి దాకా ఒక్కో అడుగూ వేశాను.

నా కిడ్నీ అమ్మకు పనికిరాదట.
గ్రూపు కలిసింది. వయసూ పర్లేదు.
అమ్మ రక్తంలో నా కణాలు కాసిని వేస్తే
మీద పడి చీల్చేసిందట.

"కూతుర్నే కదా" అన్నాను.
"అందుకే" అంది డాక్టర్ ఓయార్సో
కళ్ళజోడు తుడుచుకుంటూ.
కడుపులో ఉన్నన్నాళ్ళూ
ఒంటి కాపలావాళ్ళకు అమ్మ నచ్చజెప్పిందట,
సగం పరాయిదే, అయినా నాదే, ఊరుకోండి అని.
తొమ్మిది నెలలు ఊరుకున్నారు.
పురిటినాడు తలుపులు బార్లా తెరుచుకుని
నా నెత్తురు నాలుగు చుక్కలు అటు ఒలికినప్పుడు
నాలోని నాన్న ముఖాన్ని చూసి
గుర్తు రాసి పెట్టుకున్నారు.
ముప్పై ఆరేళ్ళు.

నాన్న. అబెలీనో.
పీతల పడవెక్కి పోయి పోర్వెనీర్‌లో ఇంకో కాపురం పెట్టినవాడు.
అమ్మ ఆయన్ని ఎప్పుడో క్షమించింది,
ఆయన చలికోటు ఇంకా వేసుకుంటుంది, చేతులు పైకి మడిచి.
రక్తానికి అంత మంచితనం లేదు.

ఇదీ చెప్పింది డాక్టరు:
నా కణాలు కొన్ని నాతో బయటికి రాకుండా
అమ్మలోనే ఉండిపోయి ఉండొచ్చని,
కాలేయంలోనో గుండె గోడలోనో
ఎవరూ తరమని మూలన.
అంటే ఒకే ఒంట్లో
నన్ను దాచుకున్న చెయ్యీ, నన్ను తోసేసే చెయ్యీ.
నా పదిహేనో ఏట మా ఇంట్లో జరిగిందీ అదే అనుకున్నాను.
పైకి అనలేదు.

నిబాల్దోని అడగాలని ఎవరికీ తోచలేదు.
నాలుగేళ్ళవాణ్ణి, ముక్కు కారుతుండగా,
అనాథాశ్రమం నుంచి తెచ్చుకుంది అమ్మ.
ఒక్క పూట మోయలేదు వాణ్ణి కడుపున.
పీతల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి
ఉప్పు కంపు కొట్టే చేతిని బల్ల మీద చాపి
"నాదీ తీసి చూడండి" అన్నాడు.

మళ్ళీ కాగితం. మళ్ళీ గాలి.
అమ్మ రక్తానికి వాడితో ఏ పేచీ లేదు,
వాడి పేరే ఎన్నడూ విననట్టు ఊరుకుంది.

డయాలసిస్ కుర్చీలో ఉన్న అమ్మకు చెప్పాను.
చాలాసేపు గొట్టంలో తిరిగే ఎరుపును చూసింది.
తర్వాత నా మోచేతి మడతలో
సూది గుచ్చిన మచ్చ మీద బొటనవేలు ఒత్తి
"పిచ్చిదానా, నిన్ను మర్చిపోలేదన్నమాటేగా" అంది.

తాడుకు వేలాడుతూ ఇంటికి నడిచాను.
ఆ మాట ఓదార్పో కాదో
ఇంకా తేల్చుకోలేదు.