ఖాళీ బరువు

కాశీనగర్ దాటాక, వంశధార వాసన మొదలయ్యే మలుపులో
నా కాటా.
నలభై టన్నుల వరకూ అబద్ధమాడదు,
ఆపైన నేనూ హామీ ఇవ్వను.

పగలంతా జీడిపిక్కలు, చింతపండు, రాతి దిమ్మలు.
రాత్రి పన్నెండు దాటితే
కప్పలు, నేను, ఎర్రటి అంకెలు.

మావాడు బుల్లియ్య ఐదో తరగతి.
"ఆఫ్రికా ఏనుగు ఆరు టన్నులట నాన్నా,
మనది నాలుగేనట" అని చిన్నబుచ్చుకున్నాడు,
కబడ్డీలో మా ఊరు ఓడిపోయినట్టు.
తెల్ల ఖడ్గమృగం రెండుంపావు, నీటిగుర్రం ఒకటిన్నర,
మరి జిరాఫీ? నిలబెట్టి తూచారా, పడుకోబెట్టా?
వాడి ప్రశ్నలకి సరిపడా తూకపురాళ్లు నా దగ్గర లేవు.
కదిలేది తూగదురా, అన్నాను.
ఎవరో ఎక్కడో
కాసేపు దాన్ని ఆపి ఉండాలి.

వరి కోతకొచ్చిన వారం.
పావు తక్కువ ఒంటిగంటకి
సున్నా లేచి నిలబడింది.
లారీ చప్పుడు లేదు, లైట్లు లేవు.
ఎనిమిది వందలు.
ఆగి, పదిహేడొందలు.
కిటికీలోంచి చూస్తే
చీకట్లో ఇంకాస్త గట్టి చీకటి.
చెవి విసిరితే అంకె పది కిలోలు అటూ ఇటూ ఊగి
2,870 దగ్గర నిలిచింది.
భయానికంటే ముందు అలవాటు కదిలింది,
నా వేలు మీట నొక్కీసింది.
చీటీ బయటికొచ్చింది.
బండి నంబరు ఖాళీ, సరుకు ఖాళీ, డ్రైవరు సంతకం ఖాళీ.

నాలుగున్నరకి అదే దారిన తిరిగొచ్చింది,
తొందరేమీ లేదు.
2,960.
ఈసారి మూడో గడి దానంతటదే నిండింది:
నికర బరువు తొంభై.

తెల్లారి లొక్కిమి సబర వచ్చింది,
కొంగులో నలిగిన వెన్నులు.
సవర మాటల్లో ఏదో లెక్కపెట్టుకుంటూ
నా బల్లమీద ఒక్కొక్కటీ పరిచింది.
చీటీ చూపించాను. నీ వరే, తొంభై కిలోలు,
సాక్ష్యం పనికొస్తుంది అన్నాను.
ఆమె నా కేసి కాదు, కాటా కేసి చూసింది.
"తిన్నది ఒక్క బస్తా బాబూ.
తొక్కింది పద్నాలుగు.
తొక్కింది దీనిమీదికి ఎక్కదా?"

పర్లాకిమిడి ఆఫీసులో, అది ఆంధ్రా ఏనుగన్నారు.
ఏరు దాటి అడిగితే, ఒడిశా ఏనుగు, మాది కాదన్నారు.
ఒక గుమస్తా చీటీని వెలుతురుకి పట్టి
బండి నంబరు లేకుండా ఎలా తూచావయ్యా, అని
నా మీదే కేసు రాయబోయాడు.
బస్సు చార్జీలు లొక్కిమి ఇచ్చింది. వద్దన్నా ఊరుకోలేదు.

బుల్లియ్య ఆ చీటీని నోటుపుస్తకంలో అంటించాడు,
ఆరు, నాలుగు, రెండుంపావు, ఒకటిన్నర కింద.
"ఖాళీ బరువంటే ఆకలేసినప్పటి బరువా నాన్నా?"
లారీలకైతే కాదు, అన్నాను.

సాయంత్రం జీడిపిక్కల బండి దిగిపోయాక
అంకె సున్నాకి రాలేదు.
ఇరవై దగ్గర ఆగిపోయింది.
లాంతరు పట్టుకుని వెళ్లి చూస్తే
పలక మీద పళ్లేలంత అడుగుల్లో
ఇంకా తడారని బురద,
బురదలో గుచ్చుకున్న గింజలు.

సున్నా చేసే మీట ఉంది.
చీపురూ ఉంది.
రెండిటి మధ్యా నిలబడ్డాను,
తరవాతి బండి హారను కొట్టేదాకా.