చేదు లేని నీళ్ళు

మా బోరు నీళ్ళు చేదుగా ఉండవు.
అదే వాటి టక్కరితనం.
కనిగిరికి పడమర, వెలిగొండలు మబ్బుల్లా కనపడే చోట
రాతి కడుపులోంచి చల్లగా పైకొచ్చి
నాలుక మీద మంచివాళ్ళలా నడిచిపోతాయి.

ఎడారిలో వాళ్ళు మూడు రోజులు నడిచి
మారా దగ్గర దోసిలి పట్టి ఉమ్మేశారట.
నాలుక ఉన్న ప్రతివాడికీ తెలిసిపోయే చేదు.
ఒక చెట్టు వేస్తే తియ్యనయ్యాయట.
ఏ చెట్టో రాయలేదు.
రాసుంటే మా దెబోరమ్మవ్వకి ఇంత పని ఉండేది కాదు.

ఆమె అన్నీ వేసి చూసింది.
వేపకొమ్మ. తంగేడు బెరడు. మునగ గింజల పొడి.
కుండ లోపల చిల్లగింజ అరగదీసి
తెల్లారి పైతేట వంచి
హార్లిక్స్ సీసాకి గుడ్డ కట్టి బస్సులో పంపేది,
నీటి పరీక్షల గదిలో పనిచేసే మనవరాలికి, నాకు.

కొలిచి పోసిన మందు.
ఎరుపు ఎరుపుగానే ఉంటే తాగొచ్చు.
పసుపుకు తిరిగితే ఎముక.

చిల్లగింజ నీళ్ళు అద్దంలా ఉన్నాయి.
పసుపు. నాలుగు పాయింట్ రెండు.
మునగ: నాలుగు పాయింట్ ఒకటి.
ఆ కాస్త తేడా నా చెయ్యి వణుకు కావచ్చు.
ఫోన్లో అబద్ధం చెప్పబోయి ఆగాను.
"అయితే తేట వేరు, మంచి వేరంటావు."
"అవునవ్వా."
"మనుషుల్లో మాదిరే."

చిన్నప్పుడు ఆమెతో నాకు ఒకటే తగాదా.
కుందేలు నెమరేస్తదని రాసుంది, వెయ్యదవ్వా,
మా సైన్సు టీచరు చెప్పింది అని.
ఆమె నన్ను బీట్లోకి తీసుకుపోయి
బలుసు పొద వెనక కూర్చోబెట్టింది, కిక్కురుమనకుండా.
వచ్చింది. ఆగింది. మూతి ఆడిస్తూనే ఉంది.
"చూసినోడు చూసిన కాడికి రాశాడు పిల్లా.
నువ్వు ఇంకొంచెం దగ్గరికి పోయి చూడు."

అందుకే ఈ బల్ల దగ్గర నాకు ఆ యాజకుడు గుర్తొస్తాడు.
గోడలో పచ్చగానో ఎర్రగానో చారలు పడితే
అరవడు. చూస్తాడు.
ఇల్లు మూసి ఏడు రోజులు ఆగుతాడు.
మళ్ళీ వచ్చి చూస్తాడు, పాకిందా, నిలిచిందా.
ఒంటి మీద మచ్చయినా అంతే,
వెంట్రుక రంగు, మచ్చ లోతు, ఏడు రోజులు.
మందు లేదతని దగ్గర. కళ్ళున్నాయి, ఓపికుంది.

పాళెం వెలుపలికి పంపాడన్నది కూడా ఉంది.
దాని గురించి నాకు ఎవరూ ప్రసంగం చెయ్యక్కర్లేదు.
మాది పాళెమే. ఊరికి వెలుపలే.
ఊళ్ళో చేదబావి నీళ్ళు పరీక్షించాను, ఎరుపు చెదరలేదు.
ఆ బావి మేం తాకకూడదనే
మాకు మూడొందల అడుగుల బోరు వేయించారు,
పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి.

పోయిన ఆదివారం అజరయ్య అయ్యగారు
పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయిన స్త్రీ గురించి చెప్తున్నారు.
దయ్యం అన్నారు, కట్టు అన్నారు.
ముందు వరసలో, చాప మీద,
తల పైకెత్తలేక నేలతో మాట్లాడినట్టు మా అవ్వ:
"ఆమెది ఏ ఊరి నీళ్ళో రాశారా అయ్యగారూ?"

ఎవరూ నవ్వలేదు.
అక్కడ సగం మంది నడుములు అట్టాంటివే.

పటిక, సున్నం, చిటికెడు బ్లీచింగు.
కలిపి, తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి
ఒకటీ పాయింట్ మూడుకి దించాను.
బిందె నెత్తిన పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను.
గుక్క తాగి మొహం చిట్లించింది.
"వగరు."
మొదటిసారి మా నీళ్ళకో రుచి.

"నీ నడుము తిరిగి లేవదవ్వా," అన్నాను,
అది కూడా చెప్పాలి కదా.
ఆమె వినలేదో, విననట్టు ఉందో,
గోధుమరంగు గీతల పళ్ళతో గ్లాసు అంచు కొరుకుతూ
వాకిట్లో పాలపళ్ళూడిన పిల్లోణ్ణి కేకేసింది,
"ఒరే, రారా. మొహం మాడ్చకుండా తాగు."