ఆరు నుంచి ఇరవై దాకా

ల్యాబ్ గోడ మీద ఒక పట్టిక ఉంటుంది.
సున్నాతో మొదలవదు, పదితో ముగియదు.
ఆరు దగ్గర పుట్టి ఇరవై దగ్గర ఆగుతుంది.
ఎందుకలా అంటే, పక్కన ఒక సున్నా పెట్టి చూడు,
ఇంచుమించు గుండె లెక్క అదే, అంది టీగన్
ట్రెడ్‌మిల్ పట్టీని స్పిరిట్‌తో తుడుస్తూ.
ఆరు: ఊరికే కూర్చున్న మనిషి.
ఇరవై: ఇక నా వల్ల కాదు.
మధ్యలో ఉన్నదంతా మా రెండో ఏడాది చదువు.

ఆరోగ్య బోధన పేపర్‌లో అసైన్‌మెంటు ఇచ్చారు:
ఈ పట్టికని మీ ఇంటి భాషలోకి తెండి.
ఫుట్‌స్క్రేలో ఎక్కి టార్నీట్ వెళ్లే రైల్లో
నిఘంటువు ముందేసుకుని రాసుకొచ్చాను.
స్వల్ప శ్రమ. మధ్యస్థ శ్రమ. తీవ్ర శ్రమ. అత్యంత తీవ్ర శ్రమ.
డీర్ పార్క్ దాటేసరికి చదివి చూస్తే
కరెంటు కోత ప్రకటనలా ఉంది.

బుధవారం సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లో నా ప్లేస్‌మెంటు.
నాలుగు సైకిళ్లు, అందులో ఒకటి కీచుమంటుంది.
సామ్రాజ్యం గారికి యాభై నాలుగు, ఏడేళ్లుగా షుగరు.
లావెర్టన్ కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి పాళీ,
తెల్లారి ఇంటికొచ్చాక ఇంకో పాళీ.
"ఎలా ఉందండీ?"
"ఏం లేదమ్మా."
తెర మీద నూట పద్దెనిమిది.
"ఇప్పుడు?"
"ఏం లేదు."
నూట నలభై రెండు. చెవి వెనక నుంచి దిగిన చెమట
మెడలో నల్లపూసల దగ్గర ఆగి ఆలోచిస్తోంది.
"ఇప్పుడండీ?"
"ఏం లే."

అప్పుడు వినబడింది నాకు.
జవాబు అదే. మాటే అరిగిపోతోంది,
సబ్బుబిళ్లలా, పూటపూటకీ కాస్త.

ఆ రాత్రి నిఘంటువు మూసేసి మళ్లీ రాశాను:

తొమ్మిది: పక్కింటి కబురు ఆగకుండా చెప్పగలరు.
పదకొండు: కబురు సాగుతుంది గానీ మసాలా తగ్గుతుంది.
పదమూడు: మాటకీ మాటకీ మధ్య ఒక గుటక.
పదిహేను: "అప్పుడావిడ ఏమందంటే..." దగ్గర ఆగిపోతారు.
పదిహేడు: "ఉండు."
పంతొమ్మిది: చెయ్యి మాత్రం లేస్తుంది.

ఇరవై గడి ఖాళీగా వదిలేశాను.
రొప్పు, వగర్పు, ఎగశ్వాస, అన్నీ పెట్టి చూశాను,
అక్కడికి చేరినవాళ్లెవరూ మాటల్లో లేరు.

హెలెన్ ప్రిచర్డ్ మేడం కళ్లజోడు నెత్తి మీదికి తోసి
ఒక్కో వరుసా నాతో ఇంగ్లీషులో చెప్పించుకుంది.
పదిహేను దగ్గర పగలబడి నవ్వింది.
తరువాత, రిఫరెన్సులేవీ? అంది.
సామ్రాజ్యం గారి ఊపిరిని
బ్రాకెట్లో ఏ ఏడాది పక్కన వెయ్యాలో నాకు తెలియలేదు.
నూటికి అరవై నాలుగు.

మధ్యలో ఒకరోజు నన్నూ ఎక్కించారు, మాస్కు బిగించి.
మాట్లాడటానికి లేదు, వేలితో చూపించాలి.
నా వేలు తిన్నగా పదమూడు మీదికి పోయింది.
తెర నూట డెబ్బై తొమ్మిది చూపిస్తోంది.
టీగన్ ఒకసారి అంకె చూసి, ఒకసారి నా మొహం చూసి
నన్నడక్కుండానే స్పీడు తగ్గించింది.
నాకు ఇరవై రెండేళ్లు. కోళ్ల ఫ్యాక్టరీ వాసన కూడా ఎరగను.
ఈ "ఏం లేదు" నాకెవరు నేర్పారు?
నిజంగా గుర్తులేదు.

మళ్లీ బుధవారం. అడ్డంగా కొడుతున్న చలివాన.
సామ్రాజ్యం గారు గొడుగు దులిపి మూల నిలబెట్టి,
నేను గోడకి అంటించిన కాగితం ముందు
చాలాసేపు నిలబడి, పెదాలు కదుపుతూ చదువుకుంది.
సైకిల్ దగ్గరికి రాలేదు.
"ఇవాళ వచ్చేటప్పటికే పదమూడమ్మాయ్."

నా షీట్‌లో దానికి గడి లేదు.
వ్యాయామానికి ముందు: ఆరు, అని
యూనివర్సిటీ వాళ్లే అచ్చు వేసి పెట్టారు.
దాన్ని కొట్టేసి మార్జిన్‌లో పదమూడు వేసి
ఒక కుర్చీ లాగాను.
కూర్చుంది. బూట్లు వదులు చేసుకుంది.
కాసేపటికి, పోయిన వారం మధ్యలో ఆగిన చోట నుంచే,
అప్పుడావిడ ఏమందో చెప్పడం మొదలెట్టింది.

వెనకాల, బస్సు డ్యూటీ దిగొచ్చిన గోవర్ధన్ గారు
యూనిఫాం మీదే ఆ కీచుమనే సైకిలెక్కి
"ఏం లేదు, ఏం లేదు" అంటూ తొక్కుతున్నారు.