పూస గుచ్చినట్టు

బెండిగోలో ఆదివారం.
ట్రామ్ షెడ్డు వెనక హాల్లో
నెలకోసారి నాణేల సంత.
మెర్వ్ ట్రెగెంజా బల్ల మీద
ఐస్‌క్రీం డబ్బా నిండా పెన్నీలు,
ఒక్కోటి రెండు డాలర్లు, ఏరుకున్నవాళ్ళకి ఏరుకున్నంత.

పోయిన చలికాలం దాకా ఆయనే ఏరేవాడు.
ఇప్పుడు కంటి మధ్యలో ఒక మసక మచ్చ,
ఎటు చూస్తే అటే వచ్చి కూర్చుంటుందట.
"పక్కనుంచి చూస్తే కనపడతావు సండ్రీ,
సూటిగా చూస్తే ఉండవు."
సుందరి ఆయన నోట్లో సండ్రీ అయింది.
ఆ మాటకి చిల్లరమల్లర అని అర్థముందని
మూడేళ్ళ దాకా చెప్పలేదు, దొంగ.

వారమంతా ఆసుపత్రి ల్యాబులో
రక్తకణాలు లెక్కపెడతాను.
గాజు పలక మీద ఎవరి మంచో ఎవరి చెడో
తేల్చి, సంతకం పెట్టి, ఇంటికొస్తాను.
ఇక్కడ లెక్క తప్పితే ఎవరికీ ఏమీ కాదు.
అందుకే వస్తాను కాబోలు.

పందొమ్మిది వందల ఇరవై రెండు.
రాజు ఎడమవైపు చూస్తున్నాడు.
కిరీటం అరిగింది, గడ్డం కొంచెం మిగిలింది.
మెర్వ్ పాఠం ఒక్కటే:
రాజుని చూడకు, అక్షరాల పాదాలు చూడు,
అంచున పూసలు చూడు.
ఓ, ఎమ్, ఎన్. ఆ ఎన్ను చివరి కాలు
పూసకి సూటిగా నిలబడితే లండన్ అచ్చు,
రెండు పూసల సందులోకి దిగితే కలకత్తా అచ్చు.

మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.
అచ్చు గుద్దినట్టున్నారంటాం మేము,
కవలల్ని చూసినా, మేనత్త ముక్కు మేనకోడలికొచ్చినా.
నిజంగా అచ్చు గుద్దినవాటినే ముందేసుకుని
తేడాలు వెతికే మనిషికి ఆ మాట ఎలా చెప్పను?
చెప్పాను.
కాసేపాగి,
"గుద్దీ గుద్దీ అచ్చు మాత్రం అలిసిపోదూ?" అన్నాడు.

లూప్ కంటికి ఆనించి లెక్క మొదలుపెడతాను,
తెలుగులోనే, పైకే.
అరవై ఒకటి, అరవై రెండు.
మెర్వ్ తల ఊపుతుంటాడు తాళానికి.
తొంభై దాటాక పచ్చటి చిలుం,
దానికింద రెండా, మూడా?
సూది పెట్టనివ్వడు. రాగికి ఇనుము శత్రువట.
ఫిల్మ్ డబ్బీలోంచి
వాళ్ళ పెరటి గులాబీ ముల్లు తీసిస్తాడు.
గీకుతుంటే తుమ్ము. లెక్క పోయింది.
మళ్ళీ ఒకటి నించి.

నూట డెబ్భై ఎనిమిది.
ఇంకోసారి.
నూట డెబ్భై ఎనిమిది. ఎన్ను కాలు సందులోకే.
లండన్ కంటే ఒక్క పూస ఎక్కువ.

ఆ ఒక్క పూస ఎవరు పెట్టారు?
హుగ్లీ ఒడ్డు టంకశాలలో
ఉక్కు దిమ్మె మీద వంగి,
చెమట కళ్ళల్లోకి కారుతుంటే
ఎడం కొలిచిన ఆ చెయ్యి ఎవరిది?
రాజు చుట్టూ ఉన్న రాతలో మా దేశం ఉంది,
కుదించి, మూడక్షరాలు, పక్కన రెండు చుక్కలు.
ఆ చేతి పేరుకి చోటు లేదు.
పూసకి దొరికింది.

మెర్వ్ అరచేతిలో పెట్టాను.
బొటనవేలితో అంచంతా తడిమాడు,
పప్పులో రాయి వెతికినట్టు.
"మా నాన్న ట్రామ్ కండక్టరు.
రోజూ తోలు సంచి నిండా ఇవే మోసేవాడు,
భుజం ఒక పక్కకి ఒంగిపోయింది.
అందులో కలకత్తావి ఎన్నుండేవో!
బరువు తప్ప ఏదీ చూసుకోలేదు."
తర్వాత, బేరగాడి గొంతుతో:
"దీనికి పన్నెండు డాలర్లు రాయి. కాదు, పదిహేను."
కవరు మీద నేనే రాశాను.

హాల్లో కుర్చీలు మడుస్తున్నారు.
డబ్బా అడుగున ఇంకొకటి,
ఎందరి వేళ్ళు తిన్నాయో, ఎన్నుకి కాళ్ళే లేవు.
లూప్ తీసేసి, తల తిప్పి,
మెర్వ్ నన్ను చూసినట్టు పక్కనుంచి చూశాను.
కిటికీలోంచి వాలు వెలుగు.
నీడలో నీడలా ఒక గీత లేచి
పూసల దాకా పోబోయి, ఆగింది.

"ఎటు?" అన్నాడు మెర్వ్, కోటు తొడుక్కుంటూ.
"ఉండు" అన్నాను.