మద్దతు బందైనంక

కల్వకుర్తి బస్టాండు ఎదురుంగ
మా జిరాక్సు దుకాణంల, వెనుక గోడకు
ఒక పాత కంప్యూటర్.
దానికి పక్క మూత లేదు.
ఫ్యాను ఒక్కోసారి నిలవడ్తది.
పాత రీచార్జి కార్డుతోని మెల్లగ తడితే
ఏదో యాదికొచ్చినట్టు మల్ల తిరుగుతది.

మొన్న పొద్దుగూకంగ
తెర మీద ఇంగ్లీషుల నాలుగు వరుసలు వచ్చినయ్.
పాసుబుక్కు జిరాక్సుకొచ్చిన ఈదమ్మవ్వ
కండ్లు చికిలించి చూసింది.
"ఏమంటున్నది బిడ్డా?"
"మద్దతు బందువెట్టిన్రంట అవ్వా."
"దేనికి? పత్తికా, పల్లికా?"

నాకు నవ్వు రాలే.
"ఆటకు" అన్న.
"ఆటకు గూడ మద్దతు ఉంటదా!"
రెండ్రూపాయల బిల్ల బల్ల మీద వెట్టి
పాసుబుక్కు కొంగుల చుట్టుకొని పోయింది.

ఉండె మరి.
ఎవరో, ఏ దేశపోళ్లో, నెలకొకపారి
కొత్త గుర్రాలు పంపేటోళ్లు
కొత్త వాన పంపేటోళ్లు
మేం తిట్టిన తిట్లకు అతుకులేసి పంపేటోళ్లు.

కోటకు ఉత్తరం దిక్కు ఒక తలుపున్నది.
"త్వరలో" అని రాసుంటది దాని మీద.
ఎనిమిదేండ్ల సంది అదే రాత.
ఆ మాటను నేను దూరంకెళ్లే గుర్తువడ్త.
మా చెలక పక్కన తవ్వి ఇడిసిన కాలువ
ఆ మాటతోనే మొదలైంది.
ఇప్పుడు దాంట్ల తుమ్మలు మొలిచినయ్,
మేకలకు నీడైతున్నది.

రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం గుంజినంక
ఖాజా వంగి లోపటికొస్తడు.
పగలంత ఫ్రిజ్జులు బాగుచేస్తడు.
"ఈ మాడల్ బందైంది, పార్టు రాదు" అని
పదిమందికి చెప్తడు,
చెప్పి, ఆ పార్టు తనే చేస్తడు.
తన లాప్‌టాప్‌ను నా కంప్యూటర్‌కు
నీలం తీగతో కడతడు.
సర్వర్ పోయింది.
ఇగ లోకమంటే మూడు గజాల తీగ.

రాతి వంతెన నడుమ ఒకతాన నేల లేదు.
ఉన్నట్టే కనవడ్తది.
కాలు వెడితే గుర్రంతోని సహా
తెల్లదనంలకు పడుతనే ఉంటం.
మూడుమాట్లు ఫిర్యాదు రాసిన అప్పట్ల.
ఇప్పుడు చూడకుండనే ఎడమకు రెండడుగులు జరుగుతం,
డిపో మలుపుకాడి గుంతను
డ్రైవర్లు తప్పించినట్టు.

నిన్న ఖాజా బిడ్డ రుబీనా
నాయన ఒళ్లెకెళ్లి మౌసు గుంజుకొని
కావాల్నని ఆ గుంతల దుంకింది.
"ఆగమైతవ్, మల్ల మొదలువెట్టు" అన్నం.
"ఉండున్రి."
పడింది. పడుతనే ఉన్నది.
నేను షట్టర్ బయటికి పోయి ఛాయ తెచ్చిన,
ఇంకా పడుతనే ఉన్నది.

"మామా, కింద నుంచి కోట కనవడుతున్నది."

నిజమే.
గోడలు కింద నుంచి అద్దం లెక్కున్నయ్.
ఉత్తరం తలుపు వెనుక ఒక అర్ర.
అర్రల ఒక నిచ్చెన, నాలుగు మెట్ల దాకనే.
ఒక గుర్రం, రంగెయ్యలే, తోక లేదు.
గోడకు ఒక దీపం, వెలుగుతున్నది.

అంటే, మొదలైతే వెట్టిన్రు.
ఎవరో ఒకాయన ఆ మెట్లు
ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కవెట్టి పేర్చిండు.

ఖాజా చానాసేపు ఏమనలే.
ఛాయ సల్లారింది.
జేబుల నుంచి స్క్రూడ్రైవర్ తీసిండు,
తెర దిక్కు చూసిండు,
మల్ల జేబుల వెట్టుకున్నడు.