ముప్పై నాలుగు డిగ్రీలు

బెసెంట్ నగర్ బీచిలో పొద్దున్నే ఆరింటికి
మంచు తవ్వడం నేర్చుకుంటున్నాం.
నవ్వకండి.
ఈ ఊళ్లో మంచంటే చేపల బుట్టలో వేసే ముక్కలే.
అయినా తడి ఇసుక పారకు బాగానే ఎదురు తిరుగుతుంది.
జారి ఆగిన మంచు ఇంతకంటే మొండిదట,
సిమెంటులా బిగుసుకుంటుందని తెన్మొళి అంటుంది.

మేం రాకముందే ఎక్కడో పూడ్చిపెట్టింది
ఖాళీ ఆవకాయ డబ్బాలో మోగే యంత్రాన్ని.
మా అరచేతుల్లో దాని జోడీలు.
ఒక బాణం, ఒక అంకె.
నలభై. ముప్పై ఒకటి.
మొదట పరుగు, పదిలోపు నడక,
మూడులోపు మోకాళ్ల మీద పాకడం.
రెహానా చేతిలో వాచీ.
పదిహేను నిమిషాలు దాటితే
ఆశ చాలా సన్నబడుతుంది.

వల మీద కూర్చుని పీతకాళ్లు ఏరుతున్న పెద్దాయన
"ఏం పోయింది, ఉంగరమా?" అన్నాడు.
"మనిషి, తాతా" అంది రెహానా.
ఆయన మా వైపు కాసేపు, నీళ్ల వైపు ఇంకాసేపు చూశాడు.
"ఇవాళ మేం పోలేదు. రంగు బాగాలేదు."
మళ్లీ పీతకాళ్లు.

మంచు సంగతి మా వంటింట్లోనే చూపించగలను.
పళ్లెంలో పంచదార పరిచి
మీద బియ్యప్పిండి గట్టిగా అదమండి.
పళ్లెం మెల్లగా వంచుతూ పొండి.
ఏమీ కాదు.
ఇంకొంచెం. ఏమీ కాదు.
ఆ "ఏమీ కాదు" దగ్గరే జనం పోతారు.
తర్వాత పిండంతా ఒకే పలకగా
కదిలాక గానీ చెదరదు.

కొండ అయితే ముందు ఒక చప్పుడు చేస్తుంది,
మూట దించిన కూలీ విడిచిన ఊపిరిలా
హుఁఫ్ అని, పాదాల కింద.
విన్నాను. అందరం విన్నాం.
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం,
వెనక్కి పోదామని
ఎవరైనా అంటారేమోనని.

ఆ పొద్దున గుడారాల దగ్గర
అందరి యంత్రాలూ చూడాల్సింది నేను.
ఒక్కొక్కరి ఎదుటా నిలబడి, బీప్ విని, తలూపి.
విశ్వంభర్ ఎదుట నిలబడి
టీలో చక్కెర వేయలేదేం అని అడిగాను.
అంతే అడిగాను.

అది అతని సంచిలో దొరికింది.
ఆఫ్‌లో.
బ్యాటరీ నిండుగా.

ఇప్పుడు ఇసుక కింద మోగుతున్నది అదే.
వాళ్లన్న పార్సిల్‌లో పంపాడు,
పాత రసీదు వెనక
"వాడండి" అని ఒక్క మాట రాసి.

నాలుగు. రెండు. సున్నా పాయింట్ ఎనిమిది.
ఇక అంకె తగ్గదు. కడ్డీ తియ్యాలి.
జానెడు జానెడు దూరంలో, నిటారుగా,
చుట్టు చుట్టుకీ వెడల్పుగా గుచ్చుతూ పోవాలి.
తగిలిన కడ్డీని పీకకూడదు,
పీకితే ఆ చోటు మళ్లీ దొరకదు.
నెత్తి మీద నిలబడి తవ్వకూడదు,
పల్లం వైపు నుంచి పక్కగా రావాలి.
ఇక్కడ పల్లమంటే సముద్రమే.
తవ్వుతుంటే వీపు మీద అల చిందింది.

మూత ఎర్రగా కనిపించింది.
పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
తెన్మొళి డబ్బా మీద ఇసుక దులిపి
"మళ్లీ" అంది.

వేళచ్చేరిలో మా ఇంటి మెట్లు
ఒకసారి పనిలేక కొలిచాను.
ముప్పై నాలుగు డిగ్రీలు.
మంచు పలక జారడానికి సరిగ్గా సరిపోయే వాలు.
రోజూ పాల ప్యాకెట్లతో, పిల్లల సైకిళ్లతో
అందరం ఎక్కే వాలు.

బీచి నుంచి తిరిగొచ్చేసరికి
నీళ్ల క్యాన్ల కుర్రాడు ఎక్కుతున్నాడు,
భుజానికొకటి.
నేను కిందే గోడకానుకుని నిలబడ్డాను.
"రా అన్నా, చోటుందిలే" అన్నాడు.
చోటుంటుంది. నాకు తెలుసు.

నువ్వు పైకి చేరు ముందు.
నేను చూస్తుంటాను.